పసుపు కింద తేలిన ముద్ర

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అదీ అమెరికాలో, ఆర్కాన్సాలో, తమ్ముడి ఇంట్లో, వంటింటి బల్ల మీద. నేర్పింది మరదలు. అంతకుముందు నాకు తెలిసిన రాత అంతా పెన్సిలుతో చెక్క మీద గీసుకునే గీతలే. ఇక్కడ కొయ్యి, ఇక్కడ తొలువు, ఇది పైకి, ఇది కిందికి. ఆ గీతలతోనే తలుపులు చేశాను, మంచాలు చేశాను, బండి చక్రాలు చేశాను. చదువు రాలేదని నేనెప్పుడూ ఏడవలేదు. తమ్ముడు చదువుకున్నాడు, నేను పని నేర్చుకున్నాను.

తమ్ముడు డాక్టరు. డెబ్భైల చివర్లో నన్ను పిలిపించుకునేనాటికి ఆ చిన్న ఊళ్ళో వాడిని ఎరగనివాళ్ళు లేరు. మా ఆవిడ పోయింది, పిల్లలు లేరు. “అన్నయ్యా, వచ్చి మా దగ్గర హాయిగా కూర్చో” అన్నాడు. కూర్చోవడం నాకు చాతకాదు. వచ్చిన కొత్తలోనే ఇంట్లో తలుపులన్నీ ఊడదీసి, చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాను. తర్వాత వంటింటి అల్మరాల మీద పడ్డాను. మరదలు ఓపిక పట్టి పట్టి ఒకరోజు తమ్ముడితో నా ముందే అంది.

“ఏవండీ, బావగారికి బయట ఏదైనా పని చూడండి. లేకపోతే ఈసారి ఇంటికప్పు దించుతారు.”

“కప్పు వంకరగానే ఉందమ్మా” అన్నాను.

“చూశారా?” అంది తమ్ముడితో.

తమ్ముడి దగ్గరికి మోకాలి నొప్పికి వచ్చే ముసలాయన ఒకడు ఉండేవాడు. ఊరి చివర ఆయనకి షాపు. బల్లలూ కుర్చీలూ బాగుచేసేవాడు, తుపాకీ గొట్టాన్ని పట్టి ఉంచే కొయ్యలు బాగుచేసేవాడు. అక్కడ ప్రతి ఇంట్లో తుపాకీ ఉంటుంది, మన ఇళ్ళల్లో రోకలి ఉన్నట్టు. ముసలాయన నా చేతులు చూశాడు, ఒక విరిగిన కుర్చీకాలు ఇచ్చాడు. అది అతికించి ఇచ్చాను. మర్నాడు రమ్మన్నాడు. మా మధ్య మాటలు పెద్దగా లేవు. నా ఇంగ్లీషు ఆ షాపులో నేర్చుకున్నదే. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత పనిముట్ల పేర్లు.

తుపాకీ అంటే నాకు ఆసక్తి లేదు, భయమూ లేదు. నాకు దానిలో కనిపించేది కొయ్య. వాల్‌నట్ కొయ్య. మన టేకంత నూనె ఉండదు కానీ నార బిగువుగా ఉంటుంది, ఉలికి మర్యాద ఇస్తుంది. షాపుకి వచ్చేవాటిలో చాలా భాగం పాత సైన్యం తుపాకులు, యుద్ధాలు అయిపోయాక ప్రభుత్వం జనానికి అమ్మేసినవి. మొదటిది నా చేతికి ఇచ్చినప్పుడు నేను శాండ్‌పేపర్ తీశాను. అంత మురికిగా ఉంటే ఎవరైనా అదే చేస్తారు. ముసలాయన కాగితం నా చేతిలోంచి లాక్కుని, కొయ్యని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు పక్కనుంచి పడేట్టు పట్టుకున్నాడు. అప్పుడు కనిపించాయి ముద్రలు.

చేతి పట్టు దగ్గర చిన్న వలయంలో ఒక అక్షరం. మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి పేల్చి చూశారు, గొట్టం పగల్లేదు అని దాని అర్థం. ఎడమవైపు అడ్డంగా వేసిన రెండు ఫిరంగుల బొమ్మ. సైన్యం దీన్ని ఒప్పుకుంది అని. దాని పక్కనే చిన్న చతురస్రం, పెట్టెలాగా. పెట్టెలో పై వరస కర్మాగారానిది, కింది వరస తనిఖీ చేసిన మనిషిది, ఆయన పేరులోని రెండక్షరాలు. యుద్ధంలో నలిగిన తుపాకీని వెనక్కి తెప్పించి, మొత్తం విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ పంపేటప్పుడు ఇంకో పెట్టె కొడతారు. దాన్ని రీబిల్డ్ ముద్ర అంటారు. ఒక్కో కొయ్య మీద అలాంటివి రెండు మూడు కూడా ఉంటాయి. పాతదాని మీదే కొట్టిన మొద్దులు కూడా ఉన్నారు.

“ఇవి పోతే ఇది వంటచెరుకు” అన్నాడు ముసలాయన. ఆయన సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలోనే ఉండి వచ్చినవాడు.

నేను తొందరగానే పట్టుకున్నాను. పాత ముద్ర అంచు మీద గోరు ఆనిస్తే జారిపోతుంది. ఎన్నో చేతులు పట్టి పట్టి ఆ అంచు మెత్తబడి ఉంటుంది. లోపల నూనె దిగి చుట్టూ ఉన్న కొయ్య కన్నా నల్లగా ఉంటుంది. నిన్నో మొన్నో ఎవడో ధర పెరగాలని దొంగతనంగా కొట్టిన ముద్ర అయితే గోరుకి గుచ్చుకుంటుంది, తెగిన నార లోపల తెల్లగా కనిపిస్తుంది. దానికి నల్ల బూటు పాలిష్ రుద్ది తెచ్చేవాళ్ళు. వాసన చూస్తే చాలు.

అక్షరాలు కూడా అలాగే వచ్చాయి. పగలు షాపులో చూసినవాటిని సాయంత్రం మరదలికి గీసి చూపించేవాణ్ణి.

“ఇది నిచ్చెన. మధ్యలో ఒకటే మెట్టు.”

“దాన్ని హెచ్ అంటారు బావగారూ.”

“అననీ. ఇది గాలం.”

“అది జె.”

“ఇది రెండు కొండలు.”

“అది ఎమ్. ఆసుపత్రిలో అందరికీ మందులు రాసిచ్చే డాక్టరుగారి అన్నగారు అక్షరాల్ని గాలాలూ కొండలూ అంటుంటే నాకు భలే ఉంది. ముందు మనవి నేర్చుకోండి, అవి తర్వాత.” అలా నాకు తెలుగూ ఇంగ్లీషూ కలిసే వచ్చాయి. అ దిద్దిన పలకకి వెనకవైపు నిచ్చెన.

ఎనభైల మొదట్లో, వేసవి పోయి ఎండ మెత్తబడుతున్న రోజుల్లో, ఒకావిడ షాపుకి వచ్చింది. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, మగవాళ్ళ చొక్కా వేసుకుని. దుప్పట్లో చుట్టిన తుపాకీని బల్ల మీద పెట్టింది. కొయ్యంతా మందంగా వార్నిష్, తేనె పూసినట్టు మెరుస్తోంది.

“మా ఆయన యుద్ధం తర్వాత తూర్పున ఒక ఆయుధాల కర్మాగారంలో చేశాడు. తిరిగొచ్చిన తుపాకుల్ని చూసి ముద్ర కొట్టడం ఆయన పని. వాటిని అమ్మకానికి పెట్టినప్పుడు, తను ముద్ర కొట్టినదే ఒకటి వెతుక్కుని కొన్నాడు. ఇదే అది” అంది.

ముసలాయన కొయ్యని అటూ ఇటూ తిప్పాడు. “ముద్ర ఏదీ?”

“నా కొడుకుని అడుగు. వేటకి తీసుకెళ్తే నలుగురూ చూడాలని గీకి, ఈ పంచదార పాకం పూశాడు. అప్పుడు ఆయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అప్పుడు మాకు ఇల్లుంది.”

ఆ వసంతంలో వచ్చిన టోర్నడో సుడిగాలి ఆ ఇంటిని ఎత్తుకుపోయింది. ఆవిడ భర్త అప్పటికే పోయాడు. ఆయన ఫోటోలు, చేతి గడియారం, చెక్కి ఇచ్చిన గరిటెలు, కుట్టించుకున్న కోటు, ఏవీ దొరకలేదు. తుపాకీ కొడుకు ట్రక్కులో ఉండబట్టి మిగిలింది.

“ఆయన చేత్తో చేసింది ఏదైనా మిగిలిందీ అంటే ఇందులోనే మిగలాలి. ఎక్కడైనా చిన్న గీత ఉందేమో చూడండి” అంది. ఆయన అక్షరాలు చెప్పింది. ఒకటి నిచ్చెన, ఒకటి గాలం.

ముసలాయన దీపం పెట్టి చూశాడు, నేను వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. వార్నిష్ తీసేసి చూస్తాం, వదిలి వెళ్ళమన్నాడు. ఇనుప భాగాలన్నీ విప్పి గోడకి తగిలించాం. కొయ్యకి మందు రాసి వార్నిష్ లేపి, స్పిరిట్ గుడ్డతో తుడిచాం. అడుగున కొయ్య పాలిపోయి, నున్నగా, పసిపిల్లాడి బుగ్గలాగ ఉంది. కొడుకు మహా శ్రద్ధగా గీకాడు. ముసలాయన ఆవిడకి ఫోన్ చెయ్యాలి. ఈ రోజు రేపు అని వాయిదా వేస్తూ వచ్చాడు. నాకు తెలుసు, ఆయనకి మనసొప్పలేదు.

ఇంతలో దసరా వచ్చింది. తిథి ఎప్పుడో మాకు తెలిసేది కాదు. మరదలు పక్క రాష్ట్రంలో, టల్సాలో ఉండే ఒక డాక్టరుగారి భార్యకి ఫోన్ చేసి కనుక్కునేది. ఆ ఏడు విజయదశమి ఆదివారం పడింది. మా వాళ్ళల్లో ఆ రోజు పనిముట్టు ముట్టుకోం. ముందు రోజు సాయంత్రమే అన్నీ కడిగి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి వరసగా పేరుస్తాం. మర్నాడంతా అవి అలాగే ఉండాలి. నేను షాపులో చేరిన మొదటి ఏడు ఇలాగే చేస్తే ముసలాయన పొద్దున్నే వచ్చి, “నా డ్రిల్లు మీద ఎవడి రక్తం ఇది?” అని అడిగాడు. చెప్పాను. తల గోక్కుని, “సరే, దానికి సెలవు కావాలంటే నాకూ కావాలి” అన్నాడు. అప్పట్నుంచీ అడ్డు చెప్పలేదు.

ఆ శనివారం ఆయన వెళ్ళాక తలుపు వేసి పని మొదలుపెట్టాను. నా బాడిస, ఉలులు, చిత్రికలు, రంపాలు, ఆయన మిషన్లు. అన్నిటికీ బొట్టు పెట్టాక బల్ల మీద ఆ కొయ్య ఉంది. మిగతా తుపాకులు బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి వాటి యజమానులు చూసుకుంటారు. ఇది ఎదురుగా ఉంది. ఆయుధపూజ నాడు ఆయుధాన్నే వదిలేస్తే ఇంక పూజ ఏమిటి? పసుపు ఇంకా చాలా మిగిలింది కూడా. నీళ్ళు పోసి జారుగా కలిపి, ఎడమవైపు వెడల్పుగా పట్టించాను. మధ్యలో మూడు బొట్లు. నిమ్మకాయ కోసి దండం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం నేను వెళ్ళేసరికి ముసలాయన బల్ల దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నా కస్టమరు తుపాకీకి మస్టర్డ్ పూశావా?” రొట్టె మీద రాసుకునే పచ్చటి ఆవపిండి ముద్దని వాళ్ళు అలా అంటారు.

“మస్టర్డ్ కాదు, పసుపు.”

“తినేదేగా? వార్నిష్ తీసిన కొయ్య అది. ఇప్పుడు ఈ రంగు ఎలా పోతుంది?”

“ఎండలో పెడితే పోతుంది. మా ఊళ్ళో పెళ్ళిబట్టలన్నీ అలాగే పోగొడతారు.”

“దేవుడా” అని కుర్చీలో కూలబడ్డాడు.

ఎండిన పసుపుని అరచేత్తో దులపడం మొదలుపెట్టాను. చెయ్యి కింద ఏదో తగిలింది. గరుకు అనుకున్నాను. తడి తగిలితే కొయ్య నార లేస్తుంది కదా. మళ్ళీ రాశాను. అది గరుకు కాదు. దానికి మూలలున్నాయి. నాలుగు మూలలు.

ముద్ర కొట్టినప్పుడు నార నలిగి కిందకి అణుగుతుంది. పైన గుంట కనిపిస్తుంది. కానీ ఆ నలగడం గుంట అడుగున ఇంకా లోపలికి పోయి ఉంటుంది. గుంట లోతు వరకూ కొయ్యని గీకేస్తే కంటికి నున్నగా ఉంటుంది, కానీ నలిగిన నార లోపల అలాగే ముడుచుకుని పడుకుంటుంది. దానికి తడి తగిలితే పొంగుతుంది. చుట్టూ ఉన్న నార కన్నా అది ఎక్కువ పొంగుతుంది. సుత్తి దెబ్బ పడిన చెక్కకి చిత్రిక పట్టి, తర్వాత నీళ్ళు తగిలితే ఆ దెబ్బ బుడిపెలాగ లేచి కూర్చోవడం నేను చిన్నప్పుడే చూశాను. ముసలాయనకీ తెలుసు. ఇద్దరికీ తెలిసీ, అన్నాళ్ళూ ఆ కొయ్య చుట్టూ తిరిగాం గానీ ఒక్కడికీ తట్టలేదు. పూజ చేస్తే తేలింది. దేవుడు చేశాడని నేను అనను. నీళ్ళు చేశాయి.

ముసలాయనని పిలిచి చెయ్యి పెట్టించాను. ఆయన దీపం తెచ్చి పక్కనుంచి పట్టాడు. పసుపు మీద పెట్టె నీడ పడింది. లోపల కింది వరస చదివాను. రెండు కొండలు. పక్కన సున్నా.

“ఆవిడది కాదు” అన్నాను.

“కాదు” అన్నాడు. దీపం ఆర్పేశాడు.

కాఫీ తాగాక ఆయన సొరుగు లాగి, ఇనుప అచ్చుల పెట్టె తీశాడు. అక్షరానికి ఒక అచ్చు. ఉలి మీద కొట్టినట్టు కొడితే కొయ్యలో అక్షరం దిగుతుంది.

“ఆవిడ చెప్పిన రెండక్షరాలు, రెండు దెబ్బలు” అన్నాడు. “తర్వాత కొంచెం గీకి, తడిపి లేపితే నువ్వు కూడా పట్టుకోలేవు.”

“పట్టుకుంటాను.”

“ఆవిడ పట్టుకోదు.”

“ఆవిడ అడిగింది మొగుడు కొట్టిన ముద్ర. నువ్వు కొడితే అది నీది. నీ ముద్ర తీసుకుని ఆవిడేం చేసుకుంటుంది?”

“నీకు జాలి లేదు.”

“ఉంది. అందుకే ఫోన్ చెయ్యమంటున్నాను.”

ఆయన నన్నొక తిట్టు తిట్టాడు, షాపులో నేను మొదట నేర్చుకున్న తిట్టే అది. అచ్చు చేత్తో పట్టుకుని కొంతసేపు తిప్పాడు. సొరుగులో పడేసి ఫోన్ చేశాడు.

ఆవిడ మధ్యాహ్నమే వచ్చింది. కొడుకు తీసుకొచ్చాడు, కానీ లోపలికి రాలేదు, ట్రక్కులో కూర్చున్నాడు. ముసలాయన అసలు సంగతి చెప్పకుండా వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. నాకు అంత ఇంగ్లీషు లేదు. కొయ్య ఆవిడ ముందు పెట్టి, “ముద్ర వచ్చింది. మీ ఆయనది కాదు. వేరేవాళ్ళది” అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది, కొయ్యని చూసింది. “ఇదెందుకు పచ్చగా ఉంది?”

“మా పండగ.”

“ఓహో” అంది, అదొక జవాబైనట్టు. వంగి పెట్టెని చూసింది. “ఇది కర్మాగారంలో కొత్తగా చేసినప్పుడు వేసిందై ఉంటుంది. ఆయనది తర్వాతది. ఇంకెక్కడో ఉండాలి.”

“ఎక్కడ కొట్టేవాడు?” అన్నాడు ముసలాయన.

“నన్నడిగితే? ఇంట్లో సాక్సులు ఎక్కడ పారేసేవాడో అడుగు, చెప్తాను.”

రీబిల్డ్ ముద్రకి ఒక చోటంటూ లేదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ కొట్టేవాళ్ళు. నేను పసుపు పట్టించింది మధ్యభాగానికే. ముందుకీ వెనక్కీ కొయ్య పొడిగానే ఉంది. ఒక తువ్వాలు వేడినీళ్ళలో ముంచి, పిండి, ఎడమవైపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరిచాను. ఆవిడకి కుర్చీ వేశాం. ముసలాయన కాఫీ ఇచ్చాడు. ఆవిడ పెదవి దాకా తీసుకెళ్ళి కింద పెట్టేసింది.

“ఇందులో లేకపోతే?” అంది.

“లేకపోతే లేదు” అన్నాను.

“ఈయన ఎప్పుడూ ఇంతేనా?” అని ముసలాయనని అడిగింది.

“అందుకే షాపుకి ఎవరొచ్చినా నేనే మాట్లాడతాను” అన్నాడు ఆయన.

గుడ్డ చల్లారింది. తీసేశాను. తడిసిన కొయ్య ముదురు రంగుకి తిరిగింది. కంటికి ఏమీ కనిపించలేదు. ఆరాలి, ఆరుతున్నప్పుడే తెలుస్తుంది. వేలికొసలతో వెనకనుంచి వెతుక్కుంటూ వచ్చాను. భుజానికి ఆనించే చివర లేదు. పట్టు దగ్గర పసుపు కింద తేలిన పెట్టె. దాని ముందు ఏమీ లేదు. ఇంకా ముందు, గొట్టం కూర్చునే గాడి కింద, అడుగంచుకి బాగా దగ్గరగా, ఒక గీత తగిలింది. దాని పక్కన ఇంకో గీత. రెంటి మధ్య అడ్డంగా ఒకటి.

నా వేలు అక్కడే ఆగింది. ముసలాయన చేతిలో దీపం అప్పటికే అక్కడికి వచ్చింది.

నిచ్చెన బాగా లేచింది. రెండో అక్షరం దగ్గర శాండ్‌పేపర్ లోతుగా పోయింది, అంచు కదా, చెయ్యి వాలిపోతుంది. పైభాగం లేదు. కింద వంపు మాత్రం ఉంది, ఎడమవైపుకి తిరిగిన గాలం కొన. పెట్టెకి రెండు మూలలే మిగిలాయి.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకోలేదు. బొటనవేలు అక్కడ పెట్టి అలాగే ఉంచింది. కదపలేదు కూడా.

“ఇదేనా?” అని నన్నడిగింది. ముసలాయనని అడగలేదు.

“మొదటి అక్షరం మీ ఆయనదే. రెండోది కింద సగం ఉంది, ఆ సగం సరిపోయింది. పైసగం నేను చూడలేదు కాబట్టి చెప్పలేను. ముద్ర పాతది. ఎవరో ఈమధ్య కొట్టింది కాదు.”

“చాలు” అంది.

ముసలాయన, రంగు సమం చెయ్యాలంటే కొంచెం శాండ్‌పేపర్ పెట్టాలి, ఈ చోటు వదిలేసి మిగతాది చేస్తాను అన్నాడు.

“మా ఇంట్లో ఒకడు చేశాడుగా ఆ పని. ఇంక వద్దు.”

“ఈ పచ్చరంగు?”

“ఎండలో పోతుందిట కదా. మా కొత్త ఇంటికి ఎండ బాగా వస్తుంది.”

అవిసె నూనె పలచగా గుడ్డతో అద్దాను, రుద్దకుండా. ఇనుప భాగాలు బిగించాం. మేము బిగిస్తున్నంతసేపూ ఆవిడ పక్కనే నిలబడింది, స్క్రూ డ్రైవరు ఆ చోటికి దగ్గరగా వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి కొడుకుని పిలిచింది. నలభై ఏళ్ళ మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. ఆవిడ అతని బొటనవేలు పట్టుకుని ఆ చోట నొక్కింది.

“మీ నాన్న” అంది.

అతను చాలాసేపు వేలు తియ్యలేదు. తర్వాత నన్ను చూసి, “మిగతాది కూడా వస్తుందా? ఇంకా తడిపితే?” అన్నాడు.

“రాదు. గీకినప్పుడు పొడిలో పోయింది.”

అతను తల ఊపాడు. ముసలాయన నాకేసి కోపంగా చూశాడు, నేను గుడ్డ మడత పెట్టుకుంటూ ఉన్నాను.

“నువ్వు తోలు, ఇది నా దగ్గర ఉంటుంది” అంది ఆవిడ కొడుకుతో. తుపాకీని దుప్పట్లో చుట్టబోయి, మానేసి, ఎడమవైపు పైకి ఉండేట్టు రెండు చేతుల మీద పట్టుకుని ట్రక్కు దాకా నడిచింది.